తోరణం కింద స్టెతస్కోపు

జూలై 28

ఇవాళ కూడా ఇప్పలకుంటలో నన్నెవరూ డాక్టరమ్మా అని పిలవలేదు. బర్రెకు చూడి పరీక్ష చేస్తున్నాను. చెయ్యి భుజం దాకా లోపలుంది. ఆ బర్రె గల ఆసామి తాపీగా "సర్పంచ్ మేడం, మా గల్లీల లైటు ఎల్గుతలేదు" అన్నాడు. సర్పంచ్‌ను కాదు, ప్రత్యేకాధికారిని అన్నాను. తేడా ఏందన్నాడు. సర్పంచ్‌కు మీరు ఓటేస్తారు, నాకు వెయ్యలేదు అన్నాను.

"మరి నిన్ను ఎవలు వెట్టిండ్రు?"

"సర్కారు."

"నిన్ను తీసెయ్యాల్నంటే మేమేం జెయ్యాలె?"

అలా అడిగింది కోపంతో కాదు, నిజంగానే తెలుసుకుందామని. తోక గట్టిగా పట్టుకోమన్నాను. అతను ఆలోచనలో పడి తోక వదిలేశాడు, బర్రె నన్ను తన్నింది.

చదివింది పశువైద్యం. ఉద్యోగం బోథ్ దగ్గర పశువుల దవాఖానలో, ఉండేది అక్కడే ఓ గదిలో. పాత సర్పంచ్‌ల గడువు తీరి ఎన్నికలు జరక్కపోయేసరికి నిరుడు మండలంలోని ఆఫీసర్లకు తలా ఓ ఊరు పంచారు. నా వాటాకు ఇప్పలకుంట వచ్చింది. సర్పంచ్ నేనే, ఉపసర్పంచ్ నేనే, వార్డు మెంబర్లందరూ నేనే. తీర్మానం నేనే ప్రవేశపెడతాను, నేనే బలపరుస్తాను, కాదనే నాథుడు లేడు గనుక ఏకగ్రీవం. పంచాయతీ కార్యదర్శి దీపిక ఆ వాక్యం చదివినప్పుడల్లా కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటుంది.

ఎన్నికలు ఎప్పుడొస్తాయో, ఈ పీడ ఎప్పుడు విరగడవుతుందో.

ఒక్క మంచిపని మాత్రం చేశాను. పంచాయతీ ముందు పశువుల నీళ్ల తొట్టి. సిమెంటుది, పొడుగ్గా, నల్లాతో సహా. జిల్లాలో ఇలాంటిది ఇంకోటి లేదు. ఇవాళ సాయంత్రం ఎడ్లు వరసగా మూతులు పెట్టి తాగుతుంటే చూస్తూ నిలబడ్డాను, బస్సు పోయింది.

జూలై 31

తొట్టి నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు పెట్టి నీళ్లు పడుతున్నారు. పైవాడ వాళ్లు. పైవాడ అంటే గుట్ట మీదున్న ఇళ్లు. అక్కడికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఎక్కవు, పైపు మార్చాలి. వేసవిలో ఆ పైపు పని నా బల్ల మీదికొచ్చింది. అప్పుడు పశువులు ఎండకు నాలుకలు చాపి రొప్పుతున్నాయి. ముందు తొట్టి, పైపు తర్వాత అని తీర్మానించాను. తర్వాత అంటే నేను వెళ్లిపోయిన తర్వాత అనుకున్నానో ఏమో, ఇప్పుడు గుర్తులేదు. గుర్తు చేసుకోవాల్సిన అవసరమూ లేదు. మనుషులకు నోరుంది, అడుక్కుంటారు. పశువులు అడగలేవు.

పెయింటరును పిలిపించి బోర్డు రాయించాను. "ఈ తొట్టి పశువులకు మాత్రమే. మనుషులు నీళ్లు పట్టరాదు. ఇట్లు, ప్రత్యేకాధికారి." అక్షరాలు ముచ్చటగా వచ్చాయి.

ఆగస్టు 2

ఒళ్లు మండిపోతోంది. పొద్దున వెళ్లేసరికి తొట్టి దగ్గర అదే ఆడవాళ్లు, అవే బిందెలు. కాకపోతే ఒక్కొక్కరి చేతిలో ఒక పలుపు, పలుపు చివర ఒక లేగదూడ. దూడలు లేనివాళ్లు మేకపిల్లను పట్టుకొచ్చారు. అందరికంటే ముందు యాదవ్వ. పైవాడలో ఉంటుంది, ఒక జోడెడ్లు, నాలుగెకరాల పత్తి. పెనిమిటి పోయాక సేద్యం ఒక్కతే చేస్తుంది. మొన్నటి దాకా నాకు ఆమె ఎడ్లు తెలుసు గానీ ఆమె తెలియదు.

"బోర్డు చూడలేదా యాదవ్వా?"

"చూసిన మేడం. చదివిపిచ్చుకున్న గూడ. లేగకే పడుతున్న."

"రెండు బిందెలా?"

"గిది జర ఎక్కువ తాగుతది."

వెనక దీపిక దగ్గుతున్నట్టు నటించింది. ఆ దూడ నీళ్ల వైపు చూడనైనా చూడలేదు, నా చున్నీ నములుతోంది.

ఆగస్టు 5

బోర్డు తీయించాను. పెయింటు సరిగా లేదు.

ఆగస్టు 9

యాదవ్వ పంచాయతీ ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"పైవాడకు పైపు ఎప్పుడేస్తవ్ మేడం?"

"దరఖాస్తు ఇవ్వు యాదవ్వా, పరిశీలిస్తాం."

"ఇచ్చి ఏడాదయింది."

"పరిశీలనలో ఉంది."

"ఎవలు పరిశీలిస్తున్నరు?"

నేనే. పైకి మాత్రం ఫైలు తెరిచి పేజీలు తిప్పాను. ఆమె నన్ను కాసేపు చూసి, పశువుల సంతలో పళ్లు చూసి వయసు తెలుసుకున్న మనిషిలా తలాడించి వెళ్లిపోయింది. గుమ్మం పక్కన మేకుకు ఏదో వెలిసిపోయిన రుమాలు వేలాడుతోంది, ఆఫీసు ఎంత మురికిగా ఉందో. దాన్ని తీసి పారేయమని దీపికకు చెబితే "అది తియ్యద్దంట మేడం, ఊరోళ్లు ఒప్పుకోరు" అంది. ఎందుకో ఆమెకూ తెలియదు. ఆమెది నిర్మల్.

ఆగస్టు 14

కొత్త పంచాయితీ. వచ్చే వారం పొలాల అమావాస్య. ఎడ్లను అలంకరించి హనుమాండ్ల గుడి ముందు మామిడాకుల తోరణం కింద నుంచి నడిపిస్తారు. మొదటి జోడు ఎవరిదన్నదే గొడవ. సర్పంచ్‌గా ఉన్న ఐదేళ్లూ కరుణాకర్ జోడు ముందు నడిచింది. గడువు తీరాక నిరుడు కూడా నాదే ముందని నడిపించుకున్నాడు. ఈసారి తనదే ముందంటున్నాడు సాయిచంద్, రాబోయే ఎన్నికల్లో కరుణాకర్‌పై పోటీ చేస్తాడట. ఇద్దరి మనుషులూ కట్టెలు సిద్ధం చేసుకున్నారని ఎవరో పైకి ఫోన్ కొట్టారు. ఎంపీడీవో సారు నాకు ఫోన్ చేసి "ఊరు మీది మేడం, మీరే చూసుకోండి" అన్నారు. ఊరు నాదట.

ఆగస్టు 16

అందరినీ కూర్చోబెట్టాను. గంటసేపు అరుచుకున్నారు. చివరికి రాజం తాత లేచాడు. ఊళ్లో అందరికన్నా పెద్దవాడు, పండుగ రివాజులన్నీ ఆయన నోట్లోనే ఉంటాయి.

"మనిషిని వట్టి కాదు, గద్దెను వట్టి. గద్దె మీద ఎవలుంటే గాళ్ల జోడు ముంగట. గిప్పుడు గద్దె మీద ఎవలున్నరు?"

అందరూ నావైపు తిరిగారు.

"నాకు ఎడ్లు లేవు తాతా."

"ఎవలన్న ఇస్తరు, ఎరువు తెచ్చుకో బిడ్డ. ముంగట నడిచి, తోరణం కింద ఊరు అడిగిన మాటకు జవాబు చెప్తె అయిపాయె."

కరుణాకర్ ఒప్పుకున్నాడు, సాయిచంద్ ఒప్పుకున్నాడు. ఒకరి ముందు ఒకరు ఓడకుండా ఉంటే చాలు వాళ్లకు. ఆ అడిగేదేమిటని దీపికను అడిగితే ఏదో నవ్వులాట పాటలు పాడతారట మేడం అంది.

నాకేం ఆశ లేదు. శాంతిభద్రతల కోసం ఒప్పుకున్నాను.

ఆగస్టు 17

చర్చి అయ్యాక బాపుకు ఫోన్ చేశాను. కరీంనగర్ మెథడిస్టు చర్చిలో ఆయన మాటంటే పాస్టరు గారు కూడా వింటారు. హనుమాన్ గుడి ముందు పండుగలో నేను ముందు నడవొచ్చా అని అడిగాను.

"మొక్కుమంటున్నరా, నడువుమంటున్నరా?"

"నడువుమంటున్నరు బాపూ."

"నడువు మరి. ఎడ్లకు మతమేంది. గని బిడ్డా, ఏదో అడుగుతరంటివి. జవాబు ఉన్నదా నీ కాడ?"

ఉందని చెప్పాను. ఏమడుగుతారో తెలియకుండా ఎందుకు చెప్పానో.

ఆగస్టు 19

ఎడ్లు దొరికాయి. అడక్కుండానే. యాదవ్వ తన జోడు ఇస్తానంది. సర్జా, రాజా. మంచి ఎడ్లు, నేనే ఇద్దరికీ టీకాలు వేశాను. నల్లా గొడవ మనసులో పెట్టుకోలేదన్నమాట. పల్లెటూరి మనసు ఎంత గొప్పది. ఆమెను అనవసరంగా అనుమానించాను.

ఆగస్టు 21

జోయల్ రేపు ఇంటికి రమ్మంటున్నాడు. పండుగ ఉంది, రాలేనని చెప్పాను. "నువ్వా ఊరి పీడ ఎప్పుడు విరగడవుతదా అని ఏడుస్తుంటివి గదా" అన్నాడు. శాంతిభద్రతల సంగతి భర్తలకేం తెలుస్తుంది.

పట్టుచీర తీసి మడతలు విప్పాను. పాతదే.

ఆగస్టు 22, పొలాల

ఏం రాయను. మొదటి నుంచీ రాస్తాను.

మధ్యాహ్నం దాకా పక్క ఊళ్లో ఒక ఆవుకు కష్టమైన ఈత. అక్కడి నుంచి నేరుగా వచ్చి దీపిక గదిలో చీర కట్టుకున్నాను. స్టెతస్కోపు మెళ్లోనే ఉండిపోయింది. అంత బాగా అలంకరించుకున్న ఎడ్లను నేనెప్పుడూ చూడలేదు. కొమ్ములకు ఎర్రరంగు, మెడలో గంటలు, వీపు మీద అద్దాలు కుట్టిన ఝూల. సర్జా, రాజాల మధ్య నేను. వెనకాల ఊరి ఎడ్లన్నీ వరసలో, డప్పులు, పిల్లలు. పెళ్లినాడు కూడా నేను ఇంత సంబరంగా నడవలేదు, జోయల్ ఇది చదవడు కాబట్టి రాస్తున్నాను.

తోరణం దగ్గర డప్పులు ఆగాయి. రాజం తాత కర్ర ఎత్తాడు. "అడుగుండ్రి" అన్నాడు.

మొదట నవ్వులాటే. ఒకడు మా ఆవిడ మాట వినదు, టీకా ఉందా మేడం అని పాటగా అడిగాడు. ఆమెకు కాదు, నీకే వెయ్యాలె అన్నాను. అందరూ ఈలలు వేశారు. నాకు ఇంకా ఉత్సాహం వచ్చింది.

అప్పుడు యాదవ్వ ముందుకొచ్చింది. పాట లేదు, ఏమీ లేదు.

"పైవాడ పైపు పని పక్కకు వెట్టి తొట్టి ఎందుకు గట్టినవ్ మేడం?"

పద్ధతిగా చెప్పాను. ప్రాధాన్యతా క్రమంలో, అందుబాటులో ఉన్న వనరుల మేరకు, తదుపరి దశలో అని.

"గిది జవాబు కాదు" అన్నాడు రాజం తాత. "జవాబు వచ్చెదాక తోరణం తెంపద్దు. గిదే రివాజు."

మళ్లీ చెప్పాను. ప్రతిపాదనలు పంపామన్నాను. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. ఊరికే నిలబడ్డారు. వెనక ఊరి ఎడ్లన్నీ నిలబడ్డాయి. తోరణం దాటేదాకా వాటికి మేత పెట్టరు. రాజా కాలు మార్చి కాలు వేస్తున్నాడు, సర్జా నోట్లోంచి సొంగ కారుతోంది. ఎండ దిగడం లేదు. ఇంకెవరినైనా ఇలా నిలబెడితే ఎంతసేపైనా ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాళ్లు. పశువుల డాక్టరును ఆకలిగా ఉన్న ఎడ్ల ముందు నిలబెట్టారు. ఇప్పుడు అర్థమైంది, యాదవ్వ తన ఎడ్లను ఎందుకు ఇచ్చిందో.

"చెప్తున్న" అన్నాను. "ఎండకాలంల పశువులు రోజూ నా కండ్ల ముంగట వడుతుండె. మీ వాడ గుట్ట మీదున్నది. నేను ఎక్కలే. మీరెట్ల ఉన్నరో చూడలే. అంతే, ఇంకేం లేదు."

 రాజం తాత తలాడించాడు. "గిది జవాబు."

దసరా లోపల పైపు వేయిస్తానన్నాను. తోరణం తెంపుతారనుకున్నాను. యాదవ్వ కదల్లేదు.

"సర్పంచ్ ఐతే మళ్ల ఓట్లల్ల చూస్కుందుము. నీకు మేం ఓటెయ్యలే, నిన్ను దించేతందుకు రాదు. రేపు బదిలీ ఐతే బస్సెక్కి పోతవ్. మా కాడ ఏం వెట్టి పోతవ్?"

మాటిచ్చినవాళ్లు తలగుడ్డ పంచాయతీ మేకుకు తగిలించాలట. పనయ్యేదాకా అది అక్కడే ఉండాలి. నాకు తలగుడ్డ లేదు. కరుణాకర్ జాలిపడి "నాది వెట్టుండ్రి మేడం" అని తన రుమాలు తీశాడు.

"నీది ఆడనే ఉన్నది గదా" అంది యాదవ్వ.

ఊరంతా నవ్వింది. ఆ వెలిసిపోయిన రుమాలు అతనిదే. అతనూ ఇదే తోరణం కింద ఇదే పైపు గురించి మాటిచ్చాడు. కరుణాకర్ కూడా నవ్వాడు, పాపం, వేరే ఏం చెయ్యగలడు.

మెడలోంచి స్టెతస్కోపు తీసి యాదవ్వ చేతికిచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుంది. తోరణం తెగింది.

ఎడ్లు తినడం చూసి గదికి వచ్చాను. పోలెలు పెట్టారు, నాలుగు తిన్నాను. కోపంగా ఉండాల్సింది. లేదు.

ఆగస్టు 23

కోపంగానే ఉంది. నన్ను బుట్టలో వేశారు. నా పరికరం పట్టుకుపోయి మేకుకు తగిలించడమేమిటి. ప్రభుత్వ ఆస్తి. సోమవారం వెళ్లి తెచ్చేసుకుంటాను.

ఆగస్టు 25

తీసుకురాలేదు. పనిలో పడి మరిచిపోయాను.

ఆగస్టు 27

దవాఖానలో ఎడ్ల పక్కటెముకలకు చెవి ఆనించి వినాల్సి వస్తోంది. ఇవాళ ఒకాయన "ఏందమ్మా, ఏమంటుంది ఎద్దు" అన్నాడు. నా చెవికి పేడ. మండలమంతా పాకిపోయింది. మీటింగులో ఎంపీడీవో సారు "స్టెతస్కోపు కుశలమా" అన్నారు, అందరూ పగలబడి నవ్వారు. వాళ్లకు తలా ఒక ఊరుంది. మీ ఊళ్లలో ఎప్పుడైనా తోరణం కింద నిలబడ్డారా సార్ అన్నాను. నవ్వు ఆగింది. ఆ తర్వాత ఎందుకో ఇద్దరు ముగ్గురు తమ ఊరి పనుల గురించి మాట్లాడారు.

జోయల్ కొత్తది కొనుక్కోమంటాడు. బీరువాలో ఇంకోటి ఉంది. దాంట్లో సరిగా వినిపించదు.

సెప్టెంబరు 8

భగీరథ ఇంజినీరు సారు మొదటిసారి అడిగినప్పుడు పైపులు లేవన్నాడు. రెండోసారి పైపులున్నాయి, మనుషులు లేరన్నాడు. ఇవాళ మనుషులున్నారు, వాన ఉంది అన్నాడు. నేను ఆయన గది ముందు కూర్చున్నాను. టీ తెప్పించాడు, తాగాను. భోజనానికి వెళ్లాడు, వచ్చాడు, నేనక్కడే ఉన్నాను. "మేడం, మీకు దీంట్ల ఏం లాభం? ఓట్లకు నిలవడుతున్నరా?" అన్నాడు.

"నా స్టెతస్కోపు మేకుకు ఉన్నది సార్."

ఆయనకు మన ఊరి కథ తెలుసు, నోరు మూసుకొని ఫైలు తీశాడు. ఈ నెలాఖరుకు మొదలుపెడతానన్నాడు.

మన ఊరు అని రాశాను. సరే, ఉండనీ.

సెప్టెంబరు 26

వాన. బతుకమ్మలు కూడా వరండాల్లోనే ఆడుతున్నారు. గుంతలు తవ్వితే చెరువులవుతాయట. సోమవారం తవ్వకం.

సెప్టెంబరు 29

ఇవాళ సోమవారం. ఎన్నికల కోడ్ వచ్చింది. కోడ్ ఉండగా కొత్త పని మొదలుపెట్టొద్దు. జేసీబీ గుట్ట కింద దాకా వచ్చి తిరిగిపోయింది.

ఏడాదిన్నరగా ఎదురుచూసిన ఎన్నికలు. ఇంకొన్నాళ్లలో నాకు విముక్తి. దీపిక స్వీట్లు తెద్దామా మేడం అంది, నా ముఖం చూసి మళ్లీ అడగలేదు.

అక్టోబరు 2, దసరా

మాట తప్పాను. దీపికను పంపుదామనుకున్నాను. కాదని నేనే గుట్ట ఎక్కాను. మొదటిసారి. మోకాళ్లు పట్టేశాయి. ఉత్త చేతులతో ఎక్కితేనే ఇలా ఉంటే బిందెలతో ఎక్కే వాళ్ల సంగతేమిటని సగం దారిలో ఒక బండ మీద కూర్చున్నాను. పైనుంచి చూస్తే నా తొట్టి అగ్గిపెట్టెంత కనిపించింది.

యాదవ్వ ఇంటి ముందు వాళ్లంతా చేరారు. కోడ్ సంగతి చెప్పాను. దసరా లోపల అన్నాను, కాలేదు అన్నాను. తిడతారనుకున్నాను. యాదవ్వ జమ్మి ఆకు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"బంగారం తీస్కో మేడం. నీళ్లు లేకున్న బంగారమన్న ఉండనీ మన కాడ."

అందరూ నవ్వారు, నాకు ఏడుపొచ్చింది. అన్నం పెట్టారు. చెయ్యి కడుక్కోవడానికి చెంబు ఇస్తే సగమే వాడి సగం వదిలేశాను. యాదవ్వ అది చూసింది. ఆ సగం తీసుకెళ్లి సొరపాదుకు పోసింది.

"స్టెతస్కోపు ఆడనే ఉండనీ" అని నేనే చెప్పి దిగాను.

అక్టోబరు 9

ఎన్నికలు ఆగిపోయాయట. కోర్టు ఆపిందట. కోడ్ లేదు. మీటింగులో ఆఫీసర్లందరూ తలలు పట్టుకున్నారు, మళ్లీ ఎన్నాళ్లీ ఊళ్ల గోల అని. నేనూ పట్టుకున్నాను. బయటికొచ్చి మొదట ఇంజినీరు సారుకు ఫోన్ చేశాను.

అక్టోబరు 27

తవ్వుతున్నారు! బండ తగిలింది. రాజం తాత పాత బావి దారి పక్కన మెత్తగా ఉంటుందన్నాడు, అటు మళ్లించారు. కరుణాకర్ తన ట్రాక్టరు పంపాడు, సాయిచంద్ అది తెలిసి రెండు ట్రాక్టర్లు పంపాడు. ఓట్ల భయం ఎంత మంచిదో. నాకు ఓట్లు లేకపోయినా మేకు ఉంది.

నవంబరు 12

ఇవాళ నీళ్లు వదిలారు.

పైవాడ అంతా కొత్త నల్లా చుట్టూ మూగింది. కింద వాల్వు తిప్పారని ఫోన్ వచ్చింది. నల్లా తిప్పితే గాలి కూడా రాలేదు. పైపులో నీళ్లు ఎక్కుతున్నాయో, కింద ఎక్కడన్నా లీకయిందో తెలియదు.  యాదవ్వ ఒక పిల్లను కిందికి ఉరికించింది. అది నా స్టెతస్కోపు పట్టుకొని ఎగపోసుకుంటూ వచ్చింది.

రాజం తాత ఒప్పుకోలేదు. "నీళ్లు రాకముందే దింపుడేంది? రివాజు కాదు."

"వచ్చినయో లేదో సూసేతందుకే గదా తాతా" అంది యాదవ్వ.

ఆ వాదన కాసేపు నడిచింది. చివరికి, దింపినట్టు కాదు, వాడుకుని మళ్లీ తగిలించేటట్టు అని ఒప్పందం కుదిరింది. నేను మోకాళ్ల మీద కూర్చుని నల్లా కింది ఇనుప పైపుకు స్టెతస్కోపు ఆనించాను. ముందు ఏమీ లేదు. తర్వాత దూరంగా ఎక్కడో గాలి ఈల. తర్వాత ఒక బుడబుడ. ఎన్ని పశువుల కడుపులు విన్నానో నా జీవితంలో, ఇంత మంచి చప్పుడు వినలేదు.

"వస్తున్నయ్" అన్నాను.

యాదవ్వ నా చెవుల్లోంచి లాగేసుకుని తన చెవుల్లో పెట్టుకుంది. ఆమె ముఖం ఎలా మారిందో నేను రాయలేను. తర్వాత ఒకరి తర్వాత ఒకరు, ముసలమ్మలు, పిల్లలు, అందరూ వరసగా విన్నారు. అందరూ వినేలోపే నల్లా తుమ్మి, దగ్గి, ఎర్రటి నీళ్లు, తర్వాత తెల్లటి నీళ్లు వదిలింది. రాజం తాత పంచె తడిసింది.

స్టెతస్కోపు యాదవ్వే నా మెళ్లో వేసింది. కరుణాకర్ రుమాలు కూడా దించారు. అతను దాన్ని తీసుకుని, వెలిసిన రంగు చూసి, నల్లా కింద పెట్టి ఉతుక్కున్నాడు.

నవంబరు 26

ఎన్నికల తేదీలు మళ్లీ వచ్చాయి. ఈసారి ఆగవట. ఇప్పలకుంట మహిళా సీటు. కరుణాకర్, సాయిచంద్ ఇద్దరూ నిలబడటానికి లేదు, ఇద్దరూ భార్యలను నిలబెట్టారు. పైవాడ వాళ్లు యాదవ్వను నిలబెట్టారు.

మేం అధికారులం, మాకు ఇష్టాయిష్టాలు ఉండవు. ఏసయ్యా, యాదవ్వ గెలవాలి.

డిసెంబరు 18

గెలిచింది.

డిసెంబరు 22

ఇవాళ ప్రమాణ స్వీకారం. ఆఫీసు తాళం అప్పగించి, రిజిస్టరులో నా పేరు కింద గీత కొట్టించి, మామూలు పశువుల డాక్టరుగా బయటికొచ్చాను. హాయిగా ఉంటుందనుకున్నాను. గేటు దాకా వెళ్లాను. వెనక్కి వచ్చి జనంలో కింద కూర్చున్నాను. ముందు సర్పంచ్‌కు వేసింది నా కుర్చీయే. చిన్న గాటు ఉంది దాని చేతికి, నేను సూది గుచ్చి చేసింది.

యాదవ్వ కొత్త చీరలో బిగుసుకుపోయి ఉంది. ప్రమాణం అయ్యాక, ఎవరన్నా ఏమన్నా అడగాలా అంది దీపిక. ఎవరూ లేవలేదు. మొదటి రోజు, పండుగ రోజు, ఎవరడుగుతారు.

నేను లేచాను.

"సర్పంచ్ మేడం, పైవాడకు నీళ్లు ఇడిసినప్పుడు తొట్టికి వస్తలేవు. రెండు రోజుల సంది ఎండి ఉన్నది. పశువులు వచ్చి మూతి పెట్టి పోతున్నయ్."

నిజంగానే అలా ఉంది. వాల్వు దగ్గర సర్దితే సరిపోతుంది, కానీ ఎవరో ఒకరు వెంటపడాలి.

యాదవ్వ నన్ను చూసింది. కళ్లలో కొంటెతనం కనిపించింది.

"దరఖాస్తు ఇయ్యుండ్రి డాక్టరమ్మ. పరిశీలిస్తం."

ఊరు గొల్లుమంది. నేనూ నవ్వాను, ఎన్నాళ్లకో నన్ను డాక్టరమ్మ అన్నారు. కానీ నవ్వు ఆగాక కూర్చోలేదు. అక్కడే నిలబడ్డాను, ఎడ్లు నిలబడ్డట్టు.

యాదవ్వ నవ్వు కూడా ఆగింది. లేచి గుమ్మం దగ్గరికి వెళ్లింది. ఆమెకు తలగుడ్డ లేదు. నడుము దగ్గర దోపుకున్న ఇంటి తాళంచెవులు తీసి మేకుకు తగిలించింది.

"ఓట్లేసి గెలిపిచ్చిండ్రని నన్ను ఇడ్సిపెట్టకుండ్రి" అంది ఊరితో. "పొలాల దాక ఎందుకు, గీ మేకు ఏడాది పొడుగునా ఉంటది."

"మరి ఇంట్లకు ఎట్ల పోతవ్?" అన్నాడు రాజం తాత.

"గందుకే జల్ది జేస్త."

గదికి వచ్చి బీరువాలోని పాత స్టెతస్కోపు తీసి చెవుల్లో పెట్టుకున్నాను. చక్కగా వినిపిస్తోంది. ఎప్పుడూ వినిపించేది.

డిసెంబరు 24

క్రిస్మస్‌కు కరీంనగర్ వెళ్తూ ఇప్పలకుంటలో దిగాను, ఊరికే. తొట్టి అంచు దాకా నిండి ఉంది. మేకు ఖాళీ. యాదవ్వ రెండు రాత్రులూ సర్జా, రాజాల కొట్టంలో పడుకుందట.